ఇంట్లో కాగితాలు ఎవరికి తెలుసు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పిల్లల తిండి, చుట్టాల పేచీలు, పట్టుచీరల మీద మరకలు ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య వాటితోపాటు కాగితాల గొడవ కూడా వచ్చి చేరింది. కిందటి నెల ఒక సోదరి వ్రాసిన ఉత్తరం చదివాక, ఈసారి మరే సంగతీ ఎత్తుకోబుద్ధి కాలేదు.

ఆమె భర్త చాలా పద్ధతి గల మనిషి. రిటైరయిన తర్వాత ఓపిగ్గా కూర్చుని ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక్కొక్కటే ఫోనులోకి ఎక్కించారు. ఇంటి దస్తావేజు, ఇన్సూరెన్సు, పెన్షను ఉత్తర్వులు, పిల్లల సర్టిఫికెట్లు, ఒకటేమిటి, అన్నీ. “ఇక నీకేం భయం లేదు, మన సంసారమంతా ఇందులో ఉంది” అని ఫోను చూపించి నవ్వేవారట. ఆయన హఠాత్తుగా పోయారు. ఆ ఫోను ఆయన వేలిముద్రతో తెరుచుకొనేది. దాని అంకెలు ఇంట్లో ఎవరికీ తెలియవు. పదిహేను రోజులయినా కాకముందే, నెలనెలా డబ్బు దండగ అని కొడుకు ఆ నంబరు రద్దు చేయించాడు. ఆ తర్వాత గదా తెలిసింది, ఏది తెరవబోయినా ఓ.టి.పి. ఆ నంబరుకే పోతుందని! “ఆయన అంత శ్రద్ధగా దాచినవి నాకే అందకుండా పోయాయి. ఇప్పుడు ఏ ఆఫీసుకు పోయి ఏమని అడగను?” అని వ్రాశారామె.

ఆమెకు విడిగా జవాబు వ్రాశాను. ఆ పెద్దమనిషిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన కాగితాలు పోకుండా చూశారు. అవి మరొకరి చేతికి అందేటట్లు చూసే పని మిగిలిపోయింది. మన ఇళ్లల్లో నూటికి తొంభై చోట్ల మిగిలిపోయే పని అదే.

మన పెద్దల కాలంలో రేకు పెట్టెలో, పాత పంచె ముక్కలో కట్టి ఉండేవి కాగితాలు. చెదలు పట్టేవి, వానకు తడిసేవి, నిజమే. కాని పెట్టె ఎక్కడ ఉందో ఇంటిల్లిపాదికీ తెలుసు. తాళం తెలియకపోతే పగలగొట్టేవారు. ఇప్పటి సంగతి అలా కాదు. ఫిక్సెడ్ డిపాజిట్ కంప్యూటరులో వేస్తారు, చేతికి రసీదు రాదు. షేర్లకు కాగితమే లేదు. ఇన్సూరెన్సు పాలసీ ఈమెయిలుకు వస్తుంది. ఇంట్లో అణువణువూ వెదికినా అలాంటివి ఉన్నట్లు ఆనవాలు కూడా దొరకదు. పది సంవత్సరాలు ఎవరూ ముట్టుకోని బ్యాంకు డబ్బు రిజర్వు బ్యాంకు 2014లో పెట్టిన నిధికి పోతుంది. అలా పోయిన సొమ్మును వారసులు రుజువులు చూపించి తిరిగి అడగవచ్చు. ఏ బ్యాంకులో ఉందో వెదకడానికి 2023లో ‘ఉద్గం’ అనే వెబ్‌సైటు కూడా పెట్టారు. ఆ అవసరం మన పిల్లలకు రాకుండా చూసుకుంటే మరీ మంచిది గదా!

అలాగని కంప్యూటరు వద్దు, రేకు పెట్టే మేలు అనేవారితో నేను ఏకీభవించను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. ఇనప బీరువా దొంగను ఆపుతుంది గాని వరదను ఆపదు. నకళ్లు మరో చోట ఉన్న ఇంటివారికి కనీసం ఏ ఆఫీసులో, ఏ నంబరు వేసి, దేనికి అర్జీ పెట్టుకోవాలో తెలుస్తుంది. లేనివారు మొదట్నుంచీ మొదలుపెట్టాలి. కనుక రెండూ కావాలి. అసలు కాగితం భద్రంగా ఉండాలి, దాని నకలు అందుబాటులో ఉండాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కూర్చుని బీరువా ఖాళీ చేయండి. అందరూ అన్నాను, గమనించండి. ఇంటాయన ఒక్కరే తలుపు వేసుకుని చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మనిషికొక కట్ట, ఇంటికీ పొలానికీ కలిపి ఒక కట్ట కట్టండి. పదేళ్లనాటి కరెంటు బిల్లులు, అమ్మేసిన స్కూటరు ఇన్సూరెన్సులు నిస్సంకోచంగా తీసేయండి. పాత దస్తావేజులను మటుకు, అర్థం కాని భాషలో ఉన్నా, చిరిగిపోయినా, ముట్టుకోకండి. అవి లింకు డాక్యుమెంట్లు కావచ్చు.

ఫోటో తియ్యడం వేరు, స్కాన్ చెయ్యడం వేరు. మంచం మీద పెట్టి తీసిన ఫోటోలో దుప్పటి పువ్వులు బాగా పడతాయి, అక్షరాలు పడవు. ఫోనులోని గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ చేసే వీలుంది. ఐఫోను అయితే నోట్స్‌లో ఉంది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. దస్తావేజుకు వెనుక పక్క కూడా తీయాలి, రిజిస్ట్రారు ఆఫీసు ముద్రలూ నంబర్లూ ఉండేది అక్కడే. పది పేజీలున్నా అన్నీ కలిపి ఒకే పి.డి.ఎఫ్. చేయండి. విడివిడిగా పెడితే ఏడో పేజీ ఎప్పుడూ కనిపించదు! దుకాణాల్లో యంత్రం ఉమ్మేసే నున్నటి రసీదులుంటాయే, వాటిని అన్నిటికంటె ముందు స్కాన్ చేయండి. వేడికీ వెలుతురుకూ అక్షరాలు వెలిసిపోయి, గ్యారంటీ అవసరమయ్యే నాటికి తెల్లకాగితం మిగులుతుంది.

అసలు కాగితాలకు లామినేషన్ చేయించకండి. భద్రంగా ఉంటుందని మనవాళ్లు పదో తరగతి మెమోకు ముందు ఆ పని చేయిస్తారు. తీరా పిల్ల విదేశానికి వెళ్లేటప్పుడు వెనుక ముద్ర వేయడానికి చోటుండదు, ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితం చిరుగుతుంది.

ఫైలుకు పేరు పెట్టడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. స్కాన్ చెయ్యగానే ఫోను తనంతట తాను ఏవో అంకెలు పెడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే, ఏడాది తర్వాత ఐదు వందల ఫైళ్లలో మీ పెళ్లి సర్టిఫికెట్టు ఏదో మీకే తెలియదు. ముందు సంవత్సరం, తర్వాత మనిషి పేరు, తర్వాత కాగితం పేరు. ‘1998 నాన్న ఇంటి దస్తావేజు’ అన్నట్టు. తెలుగులోనే పెట్టవచ్చు, ఫోనుకు అభ్యంతరం లేదు. ఇవన్నీ ఒకే చోట ఉంచకండి. ఒకటి ఇంటి కంప్యూటరులో, రెండోది గూగుల్ వంటి వారి దగ్గర క్లౌడ్‌లో, మూడోది వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి దగ్గరో తమ్ముడి దగ్గరో ఒక హార్డ్ డిస్కులో. పెన్ డ్రైవ్‌ను నమ్ముకుని డ్రాయరులో పడేసి ఐదేళ్లు మరచిపోతే, అది తెరుచుకోకపోవచ్చు.

ఇక డిజిలాకర్. కేంద్ర ప్రభుత్వం 2015లో దీన్ని మొదలుపెట్టింది. చాలామందికి ఇందులో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, చాలా బోర్డుల ఇటీవలి మార్కుల మెమోలు, వాటిని ఇచ్చిన ఆఫీసు నుంచే నేరుగా మీ లాకర్‌లోకి తెప్పించుకోవచ్చు. 2017లో చేర్చిన నిబంధన ప్రకారం అలా వచ్చినవి అసలు కాగితంతో సమానం. మీ అంతట మీరు స్కాన్ చేసి అందులో పెట్టుకున్నవి ఉత్త నకళ్లే, వాటికి ఆ హోదా లేదు. రెండూ ఒకే చోట కనిపిస్తాయి గనుక మనం ఒకటే అనుకుంటాము.

డిజిలాకర్ తెరవాలంటే ఆధార్‌కు కలిపిన ఫోను నంబరుకు ఓ.టి.పి. వస్తుంది. గృహిణులను నేను అడిగేది ఒకటే, మీ ఆధార్‌కు ఉన్నది మీ నంబరేనా? చాలా ఇళ్లల్లో భార్య ఆధార్‌కు భర్త నంబరు, అత్తగారి ఆధార్‌కు కొడుకు నంబరు, ఆ కొడుకేమో హైదరాబాదులోనో డల్లాస్‌లోనో. అవతల అర్ధరాత్రి వేళ ఫోను మోగించి “ఏమిట్రా నంబరు వచ్చిందీ” అని అడిగే తల్లులు నాకు తెలుసు. ఆధార్ కేంద్రానికి వెళ్లి మీ నంబరు మీరు చేర్పించుకోండి. ఇది వచ్చే ఏడు చూద్దాంలే అనుకొనే పని కాదు.

తెలుగువారికి కాగితాలలో అసలు తంటా పేరుతో వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. మెమోలో ఒక్క అక్షరం, పాన్ కార్డులో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అది చివరకు పోతుంది. ‘లక్ష్మి’కి ఇంగ్లీషులో ఒకచోట చివర ‘ఐ’, ఇంకోచోట ‘వై’. వెంకట అనేది ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఆడపిల్లకయితే చదువంతా పుట్టింటి పేరున, ఆధార్ అత్తింటి పేరున. విడివిడిగా చూసినప్పుడు ఏ కాగితమూ తప్పు కాదు. పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే మనిషి ముగ్గురుగా కనిపిస్తుంది. కాగితాలన్నీ స్కాన్ చెయ్యడంలో నిజమైన లాభం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాటిని ఒకేసారి కళ్ల ముందు పెట్టుకునే అవకాశం మనకు మరెప్పుడూ రాదు. ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి, మనిషికొక వరుసలో మెమోలో ఏముంది, ఆధార్‌లో ఏముంది, పాన్‌లో, బ్యాంకులో, పాస్‌పోర్టులో ఏముంది, పేరూ పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు అక్షరం అక్షరం వ్రాయండి. తేడాలు వాటంతట అవే బయటపడతాయి.

దిద్దించేటప్పుడు తొందరపడకండి. ఆధార్‌లో పేరు మార్చుకొనే అవకాశం మామూలుగా జన్మకు రెండుసార్లు, పుట్టిన తేదీకయితే ఒక్కసారే. దేన్ని ప్రమాణంగా పెట్టుకోవాలో ముందు తేల్చుకోండి. చదువుకున్నవారికి పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకోవడం మేలు, తర్వాతి చదువుల కాగితాలన్నీ దాన్ని చూసే వ్రాస్తారు. వెనుకటి తరంలో బడిలో చేర్చే మేస్టారు అంచనాకు ఒక తేదీ వేసేసేవారు. జూలై 1న పుట్టిన తాతయ్యలు మన ఊళ్లల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చూడండి! నిజమైన పుట్టినరోజు తిథి ప్రకారం చేసుకోవచ్చు, కాగితాలలో మటుకు మెమో తేదీనే అన్నిచోట్లా ఉండనివ్వడం సుఖం.

పసిపిల్లల సంగతి వేరు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. పుట్టిన 21 రోజులలో నమోదు చేయించాలి. ఆస్పత్రిలో పుట్టినప్పుడు బిడ్డకు పేరుండదు గనుక చాలా పత్రాలలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి పదిహేనేళ్ల వరకు. బారసాల అయిన వారంలోనే ఆ పని చేస్తే పీడ వదులుతుంది.

ఇంటి దస్తావేజుకు స్కాన్ ఎంత బాగా తీసినా అది దస్తావేజు కాదు. అసలు కాగితం ఎక్కడ ఉందో వ్రాసి పెట్టుకోవాలి. బీరువాలోనా, బ్యాంకు లాకరులోనా, అప్పు ఇచ్చిన బ్యాంకు దగ్గరా? ఇంటి అప్పు తీరిన తర్వాత 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది. అప్పు ఎప్పుడో తీర్చేసి కాగితాలు అడగడం మరచినవాళ్లు ఎందరో! దస్తావేజు పోయినా కంగారు పడనక్కరలేదు. నంబరు, సంవత్సరం, రిజిస్ట్రారు ఆఫీసు పేరు తెలిస్తే సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లు 1998లో కంప్యూటరుకు ఎక్కడం మొదలయింది. అంతకు ముందువాటికి పాత పుస్తకాలలో వెదకవలసి రావచ్చు, కనుక ఆ మూడు వివరాలూ ప్రాణం వంటివి. మీ స్కాను విలువ అక్కడ తెలుస్తుంది.

బ్యాంకు డిపాజిట్లకు నామినీ ఉందో లేదో ఈ సందర్భంలోనే చూసుకోండి. ఉంటే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కాగితం చూపించి డబ్బు తీసుకోవచ్చు. లేకపోతే వారసత్వ రుజువుల కోసం తిరగాల్సి రావచ్చు. 2025 నవంబరు నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ అంటే బ్యాంకు దగ్గర సొమ్ము అందుకొనే మనిషి, ఆ సొమ్ములో వారసుల హక్కు వారసులకు ఉంటుంది. అన్నదమ్ములు కొట్టుకొనేది చాలాసార్లు ఈ ముక్క తెలియకే.

వీలునామా మటుకు కాగితం మీదే వ్రాయాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం వీలునామాలకు వర్తించదు. కంప్యూటరులో టైపు చేసి ఉంచినా, వీడియో తీసి పెట్టినా చాలదు. వ్రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్టరు చేయించడం మీ ఇష్టం. చేయిస్తే తర్వాత వివాదాలు తగ్గుతాయి.

జిరాక్సు షాపుకు వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆధార్ ప్రింటు కోసం షాపతనికి వాట్సాప్‌లో పంపిస్తారు. ప్రింటు మీరు తెచ్చుకుంటారు, ఫైలు అతని ఫోనులోనే ఉంటుంది. చాలినచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ఇవ్వండి, ఆ వీలు ఆధార్ వెబ్‌సైటులోనే ఉంది. మిగతావి షాపులో మీ కళ్ల ముందే చెరిపించండి. మొహమాటపడకండి.

మొదటి ఉత్తరంలోని ఫోను సంగతికి వస్తాను. ఇంట్లో ఎవరైనా పోతే నంబరు వెంటనే రద్దు చేయకండి. వాడకుండా 90 రోజులు దాటితే కంపెనీ దాన్ని తీసేయవచ్చు, తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. అంచేత చిన్న రీచార్జి చేసి, పనులన్నీ తీరేదాకా వాడుకలో ఉంచండి. అలాగని ఆ ఓ.టి.పి.తో పోయినవారి ఖాతాలోంచి డబ్బు తీయకూడదు. దానికి బ్యాంకులో అర్జీ ఉంది. ఎక్కడెక్కడ ఏమేమి ఉన్నాయో ఉత్తరాలూ కబుర్లూ ఆ నంబరుకు వస్తాయి గనుక ఉంచమంటున్నాను. బ్రతికుండగానే చేసుకోవలసిన ఏర్పాటు ఒకటుంది. గూగుల్‌వారు 2013 నుంచి, ఆపిల్‌వారు 2021 నుంచి ఈ వీలు ఇస్తున్నారు. మీ తర్వాత మీ ఫైళ్లు ఎవరు చూడవచ్చో ముందే పేరు చెప్పి పెట్టుకోవచ్చు. పది నిమిషాల పని. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్‌వారు 2023 డిసెంబరు నుంచి తీసేస్తున్నారని కూడా గుర్తుంచుకోండి.

ఇవన్నీ అయ్యాక ఒక్క కాగితం చేత్తో వ్రాయాలి. ఏ బ్యాంకులో ఏ శాఖలో ఖాతా, ఏ ఇన్సూరెన్సు, దస్తావేజు ఎక్కడ, లాకరు తాళంచెవి ఎక్కడ, ఎవరికి మనం బాకీ, ఎవరు మనకు బాకీ, ఫైళ్లు ఏ ఈమెయిలులో ఉన్నాయి, ఎవరిని అడగాలి. సంకేత పదాలు అందులో వ్రాయకండి. వాటిని వేరే కవరులో పెట్టి అంటించి, అది ఎక్కడుందో భార్యాభర్తలిద్దరికీ తెలిసేటట్లు చూడండి. “ఇవన్నీ ఇప్పుడెందుకు, అపశకునం” అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. ఇన్సూరెన్సు కట్టేటప్పుడు లేని అపశకునం ఆ పాలసీ నంబరు ఇల్లాలికి చెప్పేటప్పుడు ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. ఆమె చేతనే ఆ కాగితం వ్రాయించండి. వ్రాసిన మనిషికి గుర్తుంటుంది. ఏటా జూలైలో ఇన్‌కంటాక్స్ లెక్కల కోసం ఎలాగూ కాగితాలు బయటికి తీస్తారు గనుక అప్పుడే దీన్నీ సరిచూసుకోవచ్చు. పైన తేదీ వేయడం మరచిపోకండి. బీరువాలో అలాంటివి రెండు దొరికితే, ఏది కొత్తదో చూసేవారికి తెలియాలి.